పులుపు పాలించే ఊరు ఇలోయిలో

ఫిలిప్పీన్స్ తిండి అనగానే మనవాళ్లలో చాలామంది పెదవి విరుస్తారు. చప్పిడి కూడు, ఎటు చూసినా పంది మాంసం, కారం లేదు, పోపు లేదు అంటారు. దుబాయ్, దోహా, కువైట్‌లలో ఫిలిపినోల పక్కన పనిచేసి వచ్చినవాళ్లూ అదే చెబుతారు, దావావ్‌లో పిల్లల్ని డాక్టరీ చదివిస్తున్న తల్లిదండ్రులూ అదే చెబుతారు. అందులో కొంత నిజముంది. కానీ మనీలా మాల్స్‌లో దొరికే చికెన్ వేపుడు రుచిచూసి ఆ దేశపు వంటంతా ఇంతేననడం అన్యాయం. ఆ మాట అనే ముందు చూడాల్సిన ఊరు ఒకటుంది. పనాయ్ ద్వీపం దక్షిణపు ఒడ్డున, మనీలా నుంచి విమానంలో గంట పైచిలుకు దూరంలో ఉన్న ఇలోయిలో.

2023 అక్టోబరులో యునెస్కో ఈ ఊరిని ఆహార సంస్కృతికి పేరొందిన సృజనాత్మక నగరాల్లో చేర్చింది. ఫిలిప్పీన్స్‌లో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. మన హైదరాబాద్‌కు అదే గుర్తింపు 2019లో వచ్చింది. రెండూ ఒకే జాబితాలో ఉన్నా దారులు వేరు. హైదరాబాద్ అంటే నవాబుల వంటశాల, బిర్యానీ గుర్తొస్తాయి. నాలుగున్నర లక్షల జనాభా ఉన్న ఇలోయిలో పేరు మాత్రం సంతలోని పులుసు గిన్నె మీద, ఇంటి పెరట్లోని ఆకు మీద నిలబడింది.

ముందు సంతకే వెళ్దాం. లా పాజ్ మార్కెట్. ఈ ఊరి పేరును దేశమంతటా మోసుకెళ్లిన నూడుల్స్ చారు బాచోయ్ పుట్టింది ఇక్కడే. ఎవరు మొదలుపెట్టారన్నదానిపై ఒక్కో కుటుంబానిది ఒక్కో కథ. డెకోస్ కొట్టు వాళ్లు 1938 అంటారు, టెడ్స్ వాళ్ల బోర్డు మీద 1945 ఉంటుంది. మార్కెట్ లోపల నెటోంగ్స్ దగ్గర జనం తగ్గరు. ఎముకలు, మాంసం గంటల తరబడి మరిగించి, ఉప్పులో ఊరబెట్టిన రొయ్యల ముద్ద గినమోస్ కలిపి చారు కాస్తారు. గిన్నెలో గుడ్డుతో చేసిన లావుపాటి నూడుల్స్, వాటిపైన కార్జం, పేగులు, మాంసం ముక్కలు సన్నగా తరిగి పరుస్తారు. మరుగుతున్న చారు గరిటెతో ఎత్తి పోస్తారు. ఆపైన కరకరలాడే పంది తోలు పొడి, ఎర్రగా వేగిన వెల్లుల్లి, ఉల్లికాడలు వేసి, అడిగినవాళ్లకు ఒక పచ్చిగుడ్డు కొట్టి వేస్తారు. ఆ వేడికే గుడ్డు సగం ఉడికిపోతుంది. చారు అయిపోతే మళ్లీ పోయించుకోవచ్చు. పక్కన నంజుకోవడానికి పుతో ఇస్తారు. బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించి చేసే ఈ తెల్లటి, మెత్తటి ముద్ద ఇడ్లీకి దగ్గరి చుట్టంలా ఉంటుంది, కాస్త తీపి తగులుతుంది.

బాచోయ్ గొప్ప వంటకమే. అయినా ఇలోయిలోకు వెళ్లినవాళ్లు ఆ ఒక్క గిన్నె తాగి, ఫొటో తీసుకుని వెనక్కి రావడం నాకు బాధ కలిగిస్తుంది. ఈ ఊరి అసలు వంట సంత పక్క సందుల్లోని కరిందేరియాల్లో ఉంటుంది. కరిందేరియా అంటే పూటకూళ్ల కొట్టు. వండిన గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి. మూతలు తీసి చూసుకుని, కావాల్సింది వేలితో చూపిస్తే చాలు. భాష రాకపోయినా ఇబ్బంది లేదు.

ఆ గిన్నెల్లో ఊదారంగు పులుసు కనబడితే అది కేబీఎల్. కాద్యోస్, బాబోయ్, లంకా అనే మూడు సరుకుల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు. కాద్యోస్ అంటే కందులు. బాబోయ్ అంటే పంది మాంసం. లంకా అంటే పనస. మనం కందుల్ని పప్పుగా విరిచి పొట్టు తీసేస్తాం, పచ్చి పనసను పొట్టు కొట్టి గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో ఆవపెట్టి వడ్డిస్తాం. ఇక్కడ నల్లని కందుల్ని పొట్టుతోనే ఉడికిస్తారు. ఆ పొట్టు రంగే పులుసుకు దిగుతుంది. పనసకాయ ముక్కలు, నిప్పుల మీద కాల్చిన పంది కాలు అందులోనే మగ్గుతాయి. పులుపుకు బత్వాన్ అనే పచ్చని గుండ్రటి కాయ వేస్తారు. కొంకణంలో వాడే కోకం జాతి చెట్టే ఇది. పనాయ్, నెగ్రోస్ ద్వీపాల్లో విరివిగా దొరుకుతుంది. చింతపండులా నాలుకను పట్టి లాగదు, గొంతు దిగాక తెలిసే నెమ్మదైన పులుపు. పంది మాంసం తిననివాళ్లకు కేఎంయూ ఉంది. అందులో కందులు, కోడి మాంసం, ఉబాద్ ఉంటాయి. ఉబాద్ అంటే మరేదో కాదు, అరటి దవ్వ.

నా ఓటు మాత్రం కూరగాయల చారు లస్వాకే. నీళ్లు మరిగించి ఉల్లిపాయ, టమాటా వేస్తారు. గట్టి కాయగూరలు ముందు, మెత్తనివి తర్వాత. గుమ్మడికాయ, బెండకాయ, వంకాయ, పొడుగు అలసంద కాయలు, చామ తీగలు, బచ్చలి, చివరన గుప్పెడు మునగాకు. చిన్న రొయ్యలు కొన్ని, ఉప్పు. నూనె చుక్క పడదు. ఈ జాబితాలో మన పెరట్లో లేనిది ఏముంది? మనలో చాలామందికి ఆషాఢంలో గుర్తొచ్చే మునగాకు వాళ్లకు రోజువారీ తిండి. బాలింతలకు పాలు పడాలని మునగాకు వేసిన కోడి చారు తాగిస్తారు. కూరగాయ రుచిని మసాలాతో కప్పకుండా దాని నీటిలోనే దాన్ని ఉడికించి తినడం ఒక విద్య. అది చప్పిడి వంట కాదు. ప్రతి కాయ రుచీ విడిగా నాలుకకు తెలుస్తుంది.

ఇక కారం సంగతి. ఇలోయిలోలో ప్రతి బల్ల మీదా ఒక సీసా ఉంటుంది, పేరు సినమాక్. వెనిగర్‌లో చిట్టి మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం, దుంపరాష్ట్రం, మిరియాలు వేసి రోజుల తరబడి ఊరబెట్టింది. కాల్చిన చేప మీద, కోడి మీద ఎంత పోసుకుంటారో తినేవాళ్ల ఇష్టం. వండినవాళ్లు రుచిని సగం దాకా తెచ్చి వదులుతారు, మిగతా సగం తినేవాళ్లు తమ పళ్లెంలో పూర్తి చేసుకుంటారు. కలమాన్సి నిమ్మకాయలు, చేపల ఉప్పునీరు, సినమాక్ అన్నీ అందుకే బల్ల మీద ఉంటాయి. వాటిని ముట్టుకోకుండా తిని చప్పగా ఉందంటే ఆ తప్పు వంటది కాదు.

ఫిలిపినో వంటను అక్షరాల్లోకి తెచ్చినవాళ్లలో డొరీన్ ఫెర్నాండెజ్‌ది పెద్ద పేరు. ఇలోయిలోకు సముద్రపు పాయ అవతలున్న నెగ్రోస్ ద్వీపంలో, సిలాయ్‌లో పెరిగిన మనిషి. 2002లో చనిపోయారు. లోకమంతా ఎరిగిన అదోబో అనే మాంసం కూర కంటే పుల్లటి చారు సినిగాంగ్‌లోనే తన దేశం కనబడుతుందని ఆమె వాదించారు. ఏ నేలలో ఏ పులుపు దొరికితే దానితో అది తయారవుతుంది. ఒకచోట చింతకాయ, ఒకచోట జామ, ఒకచోట పచ్చిమామిడి. ఇలోయిలో పులుసులు రుచిచూస్తే ఆ వాదం ఎంత సరైనదో అర్థమవుతుంది.

బయటినుంచి వచ్చినదాన్ని సొంతం చేసుకోవడంలో కూడా ఈ ఊరు దిట్ట. పూర్వం చైనా వర్తకులు స్థిరపడిన మోలో పేటలో పన్సిత్ మోలో పుట్టింది. పేరులో పన్సిత్ ఉన్నా నూడుల్స్ ఉండవు, మాంసం కూరిన పిండి పొట్లాలు చారులో తేలుతుంటాయి. 1855లో రేవును విదేశీ వ్యాపారానికి తెరిచాక చక్కెర ఎగుమతులు పెరిగాయి. చక్కెర డబ్బుతో పెద్ద పెద్ద మేడలు లేచాయి. రెండుసార్లు కాల్చి వెన్న, పంచదార రాసే బిస్కోచోకు హారో పేట ప్రసిద్ధి. అరెవలో పేటలో 1865లో కట్టిన కమిన్యా వారి రాతి ఇంట్లో ఇప్పటికీ కోకో బిళ్లలు కరిగించి, చెక్క కవ్వంతో చిలికి, చిక్కటి చాక్లెట్ పానీయం ఇస్తారు. మెక్సికో నుంచి స్పెయిన్ వాళ్ల ఓడల్లో వచ్చిన కోకో అది.

ఊరికి ఎదురుగా కనిపించే ద్వీపం గిమరాస్. మోటారు పడవలో పావుగంట ప్రయాణం. అక్కడి మామిడి కోసం ఏప్రిల్, మే నెలల్లో వెళ్లాలి. తెగుళ్లు రాకుండా బయటి మామిడిని ఆ ద్వీపంలోకి రానివ్వరు. బంగినపల్లి తిని పెరిగిన మనకు ఇంకో మామిడిని మెచ్చుకోవడం తేలిక కాదు. అయినా పీచులేని ఆ సన్నటి పండు ముందు నేను వాదించను.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కూరగాయల గిన్నెలో కూడా రొయ్యో, గినమోసో ఉంటుంది. ముందే అడిగి తెలుసుకోండి. అన్నం, పండ్లు, పుతో, బిస్కోచోలతో రోజు గడుస్తుంది గానీ ఆ ఊరి వంట పూర్తిగా తెలియదు. అలాంటివాళ్లకు ఇంట్లో వండుకోవడమే మంచి దారి.

అసలు ఈ వంటతో పరిచయానికి విమానం ఎక్కాల్సిన పని లేదు. ఫిలిప్పీన్స్ ఇళ్లలో శుక్రవారం మాంసం మానే క్రైస్తవ ఆచారం వల్ల ఆ రోజు పెసలు వండటం అలవాటు. పెసలు మెత్తగా ఉడికించండి. బాణలిలో కొంచెం నూనె వేసి వెల్లుల్లి ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, టమాటా మగ్గించి, ఉడికిన పెసలు పోసి చారులా జారుగా చేయండి. దించే ముందు రెండు గుప్పిళ్ల మునగాకు. వాళ్లు ఎండురొయ్యలో చేపల ఉప్పునీరో వేస్తారు, మీరు ఉప్పుతో సరిపెట్టుకోవచ్చు. పసుపు, కారం, జీలకర్ర వేయాలని చెయ్యి లాగుతుంది. మొదటిసారి వేయకండి. సినిగాంగ్ కూడా అంతే తేలిక. పలుచటి చింతపండు రసంలో ముల్లంగి, బెండకాయ, వంకాయ, నిలువునా రెండు పచ్చిమిరపకాయలు, రొయ్యలు ఉడికించి చివర్లో తూటికూర వేయాలి. మన పులుసులోంచి మెంతులు, బెల్లం, పోపు తీసేస్తే పులుపు ఎంత స్వచ్ఛంగా ఉంటుందో ఆ చారు చూపిస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు సినిగాంగ్ పొడి పొట్లాలు సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి.

2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులు వీసా లేకుండా 14 రోజుల వరకు ఫిలిప్పీన్స్‌లో ఉండవచ్చు. దావావ్‌లో పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు రెండు రోజులు ఇలోయిలోకు కేటాయించండి. జనవరి నాలుగో ఆదివారం డినాగ్యాంగ్ ఉత్సవం, అప్పుడు వెళ్లాలంటే గది చాలా ముందే చూసుకోవాలి. మీ పిల్లలు హాస్టల్ గదిలో కుక్కర్ పెట్టి పప్పు వండుకుంటూ ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లి, ఒక కరిందేరియాలో కూర్చోబెట్టి, వేడి అన్నంలో లస్వా పోసి తినిపించండి.