పంటకాలమంతా నిలిచే కోడ్: మైక్రోకంట్రోలర్ పరికరాలకు లైబ్రరీల రచన

ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఎలక్ట్రానిక్స్ నేపథ్యం లేని డిజైన్ విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని 2005లో ఆర్డుయినో బోర్డును రూపొందించారు. అంతకుముందు అదే విద్యాసంస్థలో హెర్నాండో బర్రాగాన్ తన పరిశోధనాంశంగా చేపట్టిన 'వైరింగ్' దీనికి పునాది. అభిరుచితో పరికరాలు తయారుచేసుకొనేవారి ద్వారా విస్తరించిన ఈ బోర్డు నేడు వ్యవసాయ విద్యార్థులకూ అందుబాటులో ఉంది. నేల తేమ సెన్సర్, రిలే, సోలినాయిడ్ వాల్వు అమర్చితే డ్రిప్‌ను తనంతట తానే నడిపే పరికరం కొద్ది రోజుల్లో సిద్ధమవుతుంది. అయితే ప్రయోగశాల బల్లపై గంటసేపు పనిచేయడం వేరు, పొలంలో పంటకాలమంతా పనిచేయడం వేరు. ఈ తేడా ఎక్కువగా బయటపడేది కోడ్‌లోనే.

లైబ్రరీ స్వరూపం

ఒక పనికి కావలసిన కోడ్‌ను ఒకసారి రాసి, పరీక్షించి, ఇతర ప్రోగ్రాములలో కూడా వాడుకొనేలా విడిగా భద్రపరిస్తే అది లైబ్రరీ అవుతుంది. ఆర్డుయినో లైబ్రరీలో ఏయే ఫంక్షన్లు లభిస్తాయో హెడర్ ఫైలు తెలుపుతుంది. అవి పనిచేసే విధానం సి ప్లస్ ప్లస్ ఫైలులో ఉంటుంది. లైబ్రరీ పేరు, వెర్షన్, రచయిత వివరాలకు మరొక ఫైలు, వాడే తీరు చూపే ఉదాహరణలకు ఒక ఫోల్డరు ఉంటాయి. ఊనో బోర్డులో ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, పని జ్ఞాపకానికి 2 కిలోబైట్లు మాత్రమే లభిస్తాయి. కాబట్టి లైబ్రరీ క్లుప్తంగా ఉండటం తప్పనిసరి.

యాభైయవ రోజు సమస్య

బోర్డుకు విద్యుత్తు అందిన క్షణం నుంచి గడిచిన కాలాన్ని 'మిల్లీస్' ఫంక్షన్ మిల్లీసెకన్లలో లెక్కిస్తుంది. ఈ లెక్క 32 బిట్లకు పరిమితం. అందువల్ల సుమారు 49.7 రోజులకు అది తిరిగి సున్నాకు వస్తుంది. విత్తిన రోజున అమర్చిన పరికరం విద్యుత్ అంతరాయం లేకుండా నడిస్తే, 120 రోజుల మొక్కజొన్న పైరులో ఇది రెండుసార్లు జరుగుతుంది.

రోజుకొక తడి ఇచ్చే పరికరంలో 'ఇప్పటి కాలానికి 24 గంటలు కూడి, ఆ సమయం దాటగానే వాల్వు తెరువు' అని రాశారనుకుందాం. యాభైయవ రోజు సమీపించినప్పుడు ఆ కూడిక ఫలితం పరిమితి దాటి అతి చిన్న సంఖ్యగా మారుతుంది. 'సమయం దాటింది' అని పరికరం పొరబడి, ఒక తడి ముగియగానే మరొకటి మొదలుపెడుతుంది. లెక్క సున్నాకు చేరేవరకు, అంటే దాదాపు ఒక రోజు పాటు నీరు పారుతూనే ఉండవచ్చు. నీటి ముంపును తట్టుకోలేని పైరుకు ఇది నష్టం. నీటి యాజమాన్య ప్రయోగమైతే ఆ ట్రీట్‌మెంటు ఫలితమే చెడిపోతుంది. 'ఇప్పటి కాలం నుంచి గత తడి కాలాన్ని తీసివేసి, ఆ వ్యత్యాసం 24 గంటలకు చేరిందా' అని, గుర్తు లేని 32 బిట్ల సంఖ్యలతో అడిగితే ఈ దోషం రాదు. ఈ ఒక్క వాక్యాన్ని లైబ్రరీలో సరిగా రాస్తే, దానిని వాడే ప్రతి పరికరానికీ రక్షణ లభిస్తుంది.

తప్పుడు విలువల గుర్తింపు

డిఎస్18బి20 ఉష్ణోగ్రత సెన్సర్ 12 బిట్ల కొలతకు గరిష్ఠంగా 750 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. విద్యుత్తు అందిన వెంటనే, కొలత పూర్తికాకముందే చదివితే 85 డిగ్రీలు చూపుతుంది. తీగ తెగితే, ఈ సెన్సర్‌కు విరివిగా వాడే లైబ్రరీ −127 అనే సంఖ్యను ఇస్తుంది. ఇటువంటి విలువలు రోజువారీ సగటులో కలిస్తే గ్రోయింగ్ డిగ్రీ డేస్ లెక్క తారుమారవుతుంది. కొలత విఫలమైందన్న సమాచారాన్ని ఉష్ణోగ్రత విలువతో కలపకుండా విడిగా తెలపడం మంచి లైబ్రరీ లక్షణం.

నేలను బట్టి క్రమాంకనం

కెపాసిటివ్ తేమ సెన్సర్ ఇచ్చే వోల్టేజీని ఊనో 0 నుంచి 1023 మధ్య సంఖ్యగా మారుస్తుంది. తేమ పెరిగేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. అది తేమ శాతం కాదు. అదే నేల నమూనాలను వేర్వేరు తేమ స్థాయిల్లో సెన్సర్‌తో కొలిచి, 105 డిగ్రీల వద్ద స్థిరమైన బరువు వచ్చేవరకు ఓవెన్‌లో ఎండబెట్టి, బరువు ఆధారిత తేమను బల్క్ డెన్సిటీతో గుణించి, ఆ విలువలతో సంబంధాన్ని నిర్ణయించాలి. శాతం తెలిసినా దాని అర్థం నేలను బట్టి మారుతుంది. ఘనపరిమాణంలో 20 శాతం తేమ ఇసుక గరప నేలలో ఫీల్డ్ కెపాసిటీకి చేరువగా ఉంటుంది. బరువైన నల్లరేగడిలో అదే తేమ వద్ద పైరు వడలిపోవచ్చు. పైగా నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చినప్పుడు సెన్సర్ చుట్టూ గాలి చేరి, నేల ఉన్నదానికంటే పొడిగా కనిపిస్తుంది.

కనుక క్రమాంకన గుణకాలను కోడ్ లోపల దాచిపెట్టరాదు. వాడేవారు తమ నేలకు తగినట్లు ఇచ్చుకొనే వీలుండాలి. కోడ్ తెలిసినవారి పనికి నేల తెలిసినవారి జ్ఞానం తోడుకావలసిన చోటు ఇదే.

విద్యార్థి పట్టా పొందగానే అతని కోడ్ కూడా మరుగున పడితే, తరువాతి విద్యార్థి అవే తప్పులతో మళ్లీ మొదలుపెడతాడు. సిద్ధాంత గ్రంథంలో సెన్సర్ పేరుతో పాటు లైబ్రరీ పేరు, వెర్షన్, క్రమాంకన సమీకరణం నమోదు చేయాలి. లైబ్రరీని ఉదాహరణలతో, తెలుగు వివరణతో, ఇతరులు సవరించి వాడుకొనే అనుమతితో విభాగంలో భద్రపరచాలి. అప్పుడు ఒక నల్లరేగడి క్షేత్రంలో చేసిన క్రమాంకనాన్ని మరొక క్షేత్రంలో సరిచూసి, అక్కడి నుంచే పనిని ముందుకు తీసుకువెళ్లవచ్చు.