గట్టి లీడరుంటే సంఘం నిలుస్తుందా?

నాయకత్వం మాటెత్తితే గడివేముల మండలంలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేవి రెండు చోట్లు. ఒకటి బిలకలగూడూరు దగ్గరి జేఎస్‌డబ్ల్యూ సిమెంటు ఫ్యాక్టరీ. రెండోది గని పొలిమేరల నుంచి పక్క మండలం ఓర్వకల్లులోని శకునాల దాకా పరుచుకున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు. అక్కడ మేనేజర్లుంటారు, ఇంజనీర్లుంటారు, శిక్షణ తరగతులు జరుగుతాయి. అయితే పది పన్నెండు మంది కలిసి పనిచేయడం, ఒకరి డబ్బును ఒకరు నమ్మి ఏళ్ల తరబడి విడిపోకుండా ఉండడం అనే విద్యను ఈ ప్రాంతం ఆ రెండింటికంటే ముందే నేర్చుకుంది. నేర్చుకున్నవాళ్లు ఆడవాళ్లు. నేర్చుకున్న చోటు బడి వరండాలో పరిచిన చాప.

1995 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో మొదలైంది. ఆ పథకం నడిచిన మండలాల్లో ఓర్వకల్లు ఒకటి. అక్కడి మహిళలు ఊళ్లో చిన్న పొదుపు సంఘాలు కట్టుకున్నారు, వాటిని గ్రామ సంఘంగా కలిపారు, గ్రామ సంఘాలన్నిటినీ మండల సమాఖ్యగా నిలబెట్టారు. 2000లో వచ్చిన వెలుగు పథకం ఈ అనుభవం మీదే నడిచింది. 2011లో దేశమంతా మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లోనూ దీని పోలికలే ఉన్నాయి. ఇంత చరిత్ర మన పొరుగునే ఉన్నా, జట్టును నడపడం గురించి మనం నమ్మే మాటలు మాత్రం పాతవే. వాటిలో కొన్నింటిని ఈ సంఘాల అనుభవం ఎప్పుడో తప్పని తేల్చింది.

అపోహ: లీడరు గట్టిదైతే సంఘం గట్టిగా ఉంటుంది

అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన నమ్మకం ఇది. పైకి చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా. బ్యాంకులో మేనేజరుతో ధైర్యంగా మాట్లాడేది ఆమే. అందరి కంతులు వసూలు చేసి కట్టేది ఆమే. పాసుపుస్తకం, తీర్మానాల పుస్తకం ఆమె ఇంట్లోనే భద్రంగా ఉంటాయి. మిగతావాళ్లు సంతకం పెట్టమన్నచోట పెడతారు, వేలిముద్ర వేయమన్నచోట వేస్తారు. ‘మా లీడరమ్మ ఉంది, అన్నీ చూసుకుంటుంది’ అంటారు. మొదటి ఏడాది, రెండో ఏడాది హాయిగా గడుస్తుంది.

ఆమెకు జబ్బు చేసినప్పుడో, కూతురి కాన్పుకని పొరుగూరు వెళ్లినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. ఎవరి అప్పు ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. అక్కడ అనుమానం పుడుతుంది. ఆమె ఒక్క రూపాయి ముట్టకపోయినా పుడుతుంది. ఇంత చేసినా ఇదా మర్యాద అని ఆమె మనసు విరుగుతుంది. నిజాయితీ గల మనిషి చేతిలోనే సంఘం కూలిపోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే లీడరు మంచిదా కాదా అన్న ప్రశ్నతో పెద్దగా లాభం లేదంటాను. అందరికీ కనిపించేలా ఏం జరుగుతోందన్నదే చూడాలి.

సంఘాలకు నేర్పే పంచసూత్రాలు అయిదు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. వీటిలో ఎక్కడా ధైర్యం, వాక్చాతుర్యం, పలుకుబడి అన్న మాటల్లేవు. అయిదూ అలవాట్లే. గుండ్రంగా కూర్చుంటారు కాబట్టి అందరి ముఖాలూ అందరికీ కనిపిస్తాయి. డబ్బు మధ్యలో పెట్టి అందరి ముందూ లెక్కపెడతారు. లేచేముందు రాసినదంతా పైకి చదివి వినిపిస్తారు. ఖాతాలోంచి డబ్బు తీయాలంటే తీర్మానం కావాలి, ఇద్దరు లీడర్ల సంతకాలు కావాలి. ఈ పద్ధతి లీడరును అనుమానించడానికి పెట్టింది కాదు, ఆమె మీద అనుమానం రాకుండా కాపాడడానికి పెట్టింది.

1992లో నాబార్డు 500 సంఘాలతో, సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే లింకేజీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. తర్వాత సంఘాల తాహతు చూడడానికి తయారైన మార్కుల పట్టికలో సమావేశాలు ఎన్ని జరిగాయి, హాజరు ఎంత, సభ్యులు చర్చలో పాల్గొంటున్నారా, సంఘం నియమాలు అందరికీ తెలుసా అన్న ప్రశ్నలున్నాయి. అప్పిచ్చే బ్యాంకు కూడా లీడరు ప్రతిభను తూకం వేయలేదు. మౌనంగా కూర్చున్న సభ్యురాలికి నియమాలు తెలుసో లేదో అడిగింది.

అపోహ: గొడవల్లేని జట్టే మంచి జట్టు

1990లలో అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను గమనించింది. బాగా నడిచే బృందంలో మందుల పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకుంది. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. కారణం వెతికితే తేలింది ఏమిటంటే, అక్కడ తప్పు జరిగితే భయం లేకుండా చెప్పుకుంటున్నారు. పైఅధికారికి భయపడే బృందాల్లో తప్పులు జరుగుతూనే ఉన్నాయి, కాగితం మీదకు రావడం లేదు.

మన సంఘాల్లో ఈ మౌనానికి వేరే కారణాలున్నాయి. ఒకే సంఘంలో అత్తాకోడళ్లుంటారు. భూమి ఉన్న ఇంటి ఆడమనిషి, ఆ ఇంట్లో కూలికి వెళ్లే ఆడమనిషి పక్కపక్కన కూర్చుంటారు. కులం, వయసు, వరుస, అన్నీ చాప మీదికి వచ్చి కూర్చుంటాయి. ‘ఈసారి అప్పు ఎవరికి?’ అని లీడరు అడిగి, వెంటనే తనే ఒక పేరు చెప్పిందంటే ఇక ఎవరూ నోరు తెరవరు. ‘మీరెట్లంటే అట్లే అక్కా’ అంటారు. తీర్మానం ఏకగ్రీవమని రాసుకుంటారు. మర్నాడు బోరింగు దగ్గర అసలు చర్చ జరుగుతుంది.

నేను చూసిన మంచి లీడర్లలో ఒక అలవాటు తరచూ కనిపిస్తుంది. వాళ్లు చివర మాట్లాడతారు. అందరికంటే చిన్నదాన్ని, కొత్తగా చేరినదాన్ని, మామూలుగా తలొంచుకు కూర్చునేదాన్ని పేరు పెట్టి ముందు అడుగుతారు. ‘నువ్వు చెప్పమ్మా, నీకేమనిపిస్తోంది?’ ఆమె చెప్పింది తప్పయినా మధ్యలో అడ్డుపడరు. అలా చేసినచోట మాటామాటా పెరుగుతుంది, సమావేశం ఆలస్యమవుతుంది, ఒకరిద్దరు అలుగుతారు కూడా. ఆ అలక సంఘం బాగుందనడానికి గుర్తు. చాప మీదే తేలిన గొడవ వీధిలోకి పోదు.

అపోహ: చదువుకున్నవాళ్లే నడపాలి

లెక్కలు రాయడం వేరు, నడపడం వేరు. పుస్తకాలు రాయడానికి చదువుకున్న మనిషిని వేరుగా పెట్టుకోవచ్చు. చాలా సంఘాలు పెట్టుకుంటున్నాయి. సంతకం రాని మహిళలు అప్పుల లెక్కంతా నోటికి చెప్పగలరని సంఘాల మధ్య తిరిగినవాళ్లందరికీ తెలుసు. రాసింది పైకి చదవాలన్న నియమం వాళ్ల కోసమే ఉంది. చదవడం మానేస్తే పెత్తనం పెన్ను పట్టుకున్న చేతిలోకి వెళ్లిపోతుంది.

అపోహ: ఒత్తిడి పెడితేనే పని జరుగుతుంది

ఈ మాటకు మన రాష్ట్రం చెల్లించిన ధర చాలా పెద్దది. పొదుపు సంఘాల్లో అప్పులు సకాలంలో తిరిగొస్తున్నాయని చూసి సూక్ష్మరుణ సంస్థలు ఊళ్లలోకి వచ్చాయి. సంఘం పద్ధతిలో ఒక్క ముక్కను మాత్రం అవి తీసుకున్నాయి: ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. పొదుపుతో పెరిగిన పరిచయం, సొంతంగా రాసుకున్న నియమాలు, కష్టమొచ్చిన మనిషికి గడువిచ్చే తీర్మానం, ఇవేవీ తీసుకోలేదు. కంతు కట్టలేని మనిషి గడప ముందు తోటి సభ్యులనే కూర్చోబెట్టారు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఈ సంస్థల శాఖలను మూయించాల్సి వచ్చింది. ఆగడాలు ఆగలేదు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, బలవంతపు వసూళ్లను నిషేధించింది. తర్వాత జనం కట్టడమే మానేశారు. అంతవరకు గొప్పగా చెప్పుకున్న వసూళ్ల శాతం కొన్ని నెలల్లో కుప్పకూలింది.

పొదుపు సంఘంలోనూ, సూక్ష్మరుణ బృందంలోనూ ఉన్నది పది మంది ఆడవాళ్లే. అప్పూ అలాంటిదే. ఒకచోట ‘ఈ నెల ఎందుకు కట్టలేకపోయావు?’ అని అడిగారు, ఇంకోచోట ‘కట్టేదాకా కదలం’ అన్నారు. మొదటి ప్రశ్నకు జవాబుగా బిడ్డ జ్వరం బయటికొస్తుంది, ఎండిన మిరప చేను బయటికొస్తుంది. సంఘం గడువిచ్చి పుస్తకంలో రాస్తుంది. గడువు రాసిపెట్టి ఉంటుంది కాబట్టి అది జాలితో వదిలేయడం కాదు, ఆమె తిరిగి కట్టాల్సిందే. మెత్తదనానికి, క్రమశిక్షణకు పొత్తు కుదరదని అనుకునేవాళ్లు ఆ పుస్తకం ఒకసారి తెరిచి చూడాలి.

అపోహ: లీడరును మారిస్తే పని చెడుతుంది

మొదట కొంత చెడుతుంది, అది నిజమే. కొత్తామె బ్యాంకులో తడబడుతుంది, ఫారం తప్పు నింపుతుంది. దానికి మందు పాతామెనే కొనసాగించడం కాదు. పదవి ఇవ్వడానికి ముందే కొత్తామెను బ్యాంకుకు, మండల సమావేశానికి వెంట తీసుకెళ్లాలి. మారే రోజు ముందే తెలిసి ఉంటే పాత లీడరు నేర్పుతుంది. ఉన్నట్టుండి దించితే దాస్తుంది. మారుస్తూ ఉండే సంఘంలో కొన్నేళ్లకు లీడరు పని తెలిసినవాళ్లు అయిదారుగురు తయారవుతారు. లీడరు మాటను కాదనగల సత్తా కూడా వాళ్లకే ఉంటుంది.

అపోహ: ఇదంతా పొదుపు సంఘాలకు సరే, ఫ్యాక్టరీకి కుదరదు

ఫ్యాక్టరీలో ఆజ్ఞ ఉండాలి, నిజమే. తిరిగే సిమెంటు కొలిమి (కిల్న్) పక్కన నిలబడి ఓటింగు పెట్టలేం. కానీ అక్కడే మౌనం ప్రాణాలు తీస్తుంది. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో కూర్చునే భద్రతా కమిటీ ఉండాలన్నారు. ముంచుకొచ్చే ప్రమాదం కనిపిస్తే యాజమాన్యానికి, ఇన్‌స్పెక్టరుకు చెప్పే హక్కు కార్మికుడికిచ్చారు. ఆ పరిశ్రమల జాబితాలో సిమెంటును కూడా చేర్చారు. జపాన్‌లో టొయోటా కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, లోపం చూసిన ఏ కార్మికుడైనా తాడు లాగి లైనును ఆపించవచ్చని పెట్టింది.

చట్టం హక్కునివ్వగలదు, నోరు తెరిపించడం మాత్రం పై మనిషి అలవాటు మీదే ఆధారపడుతుంది. మన దగ్గర కాంట్రాక్టు కూలీకి పైన మేస్త్రీ, మేస్త్రీకి పైన సూపర్‌వైజరు, ఆపైన ఇంజనీరు సార్ ఉంటారు. బెల్టు దగ్గర రక్షణ కవచం (గార్డు) ఊడిందని కూలీకి తెలిసిన సంగతి మూడు మెట్లెక్కి సార్ చెవిన పడాలి. షిఫ్టు మొదట్లో జరిగే అయిదు నిమిషాల భద్రతా ముచ్చటలో సూపర్‌వైజరే అంతా చదివేసి ‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ తప్ప మరో మాట రాదు. ‘నిన్న నీ దగ్గర ఏం తేడా కనిపించింది?’ అని అందరికంటే కొత్త కూలీని ముందు అడగాలి. అతను చెప్పింది రిజిస్టరులో రాయాలి. దాని మీద ఏం చేశారో మర్నాడు అందరి ముందూ చదవాలి. మొదటి వారం అతను ఏమీ చెప్పకపోవచ్చు. అయినా రోజూ అడగాలి.