ఐదు మీద చుక్క

పాత బటన్ల సెల్లు ఇంట్లో ఏ మూలనైనా పడుంటే తెచ్చి, కళ్ళు మూసుకుని ఐదు అంకె మీద వేలు పెట్టండ్రా పిల్లలూ. సన్నటి చుక్క ఒకటి వేలికి తగులుతుంది. అది దొరికితే చాలు, పైన రెండు, కింద ఎనిమిది, ఎడమన నాలుగు, కుడిన ఆరు. చూపు లేనివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ చుక్క ఆసరాతోనే నంబర్లు నొక్కినారు. తర్వాత టచ్ ఫోన్లు వచ్చినాయి. అంతా నున్నటి అద్దం. చుక్కా లేదు, బటనూ లేదు. ఇక వాళ్ళకు సెల్లు పనికిరాదనుకున్నారు చాలామంది.

టి.వి.రామన్ మాత్రం అట్లా అనుకోలేదు. పుణెలో పెరిగిన మనిషి. గ్లాకోమా వచ్చి 14వ ఏట చూపు పూర్తిగా పోయింది. అయినా ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్సు చదివినాడు. లెక్కల సూత్రాలను సైతం చదివి వినిపించే ప్రోగ్రాము తయారుచేసి, 1994లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 2005లో గూగుల్‌లో చేరినాడు. అక్కడ ఆయనా, చార్లెస్ చెన్ అనే ఇంజినీరూ కలిసి అద్దం చిక్కు విప్పిన తీరు చూడండి. ఐదు ఎక్కడుందో వేలు వెతుక్కోవడం ఎందుకు? వేలు ఎక్కడ ఆనితే అదే ఐదు! అక్కణ్ణించి పైకి జరిపితే రెండు, ఎడమకు ఏటవాలుగా పైకి జరిపితే ఒకటి. తప్పు పడిందా, ఫోన్ను ఒకసారి విదిలిస్తే ఆ అంకె చెరిగిపోతుంది. అద్దంలో లేని చుక్కను వేలి కొనకే తెచ్చి పెట్టినారన్నమాట.

2009లో ఐఫోన్‌లోకి వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లోకి టాక్‌బ్యాక్ అనే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు వచ్చినాయి. అంతకు ముందు తెరమీది రాతను ఫోను చదివి వినిపించాలంటే వేరే సాఫ్ట్‌వేర్ చాలావరకు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనుతోనే వస్తుంది. ఈ రెంటిలో ఏదైనా పెట్టినాక తెర మీద ఒకసారి తాకితే వేలి కింద ఉన్నదేమిటో చెబుతుంది, పని చెయ్యదు. రెండుసార్లు టకటకా తట్టితేనే పని. పక్కకు తోస్తే తర్వాతి దానికి పోతుంది. అలవాటు లేనివాళ్ళు తాకితే “ఫోను పాడైపోయింది” అని కంగారు పడతారు.

మరి వేలి కింద ఏముందో దానికెట్లా తెలుసు? తెరను అది మామూలుగా చూడదు. ప్రతి యాప్ లోపల బటన్ల పేర్ల జాబితా ఒకటి ఉంటుంది, దాన్ని చదువుతుంది. వంటింట్లో డబ్బాలకు పేరు చీటీలు అతికించినట్టు ప్రతి బటనుకూ పేరు రాయాల్సింది యాప్ తయారుచేసినవాళ్ళే. రాయకుండా వదిలేస్తే చాలాసార్లు అది “బటన్, బటన్” అని ఊరుకుంటుంది. డబ్బు పంపేదేదో, రద్దు చేసేదేదో తెలిసి చావదు. లక్ష రూపాయల ఫోనైనా అక్కడ తడబడుతుంది. ఐఫోన్ల పైడొక్కులు మన హోసూరు పక్కన టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి గదా. ఆ డొక్కు ఎంత నాణ్యంగా ఉన్నా, లోపల చీటీలు లేకపోతే చూపు లేనివాళ్ళకు దండగే.

మన హోసూరు సంగతి ఇంకొకటుంది. ఇక్కడ ఒక్క వాట్సాప్‌లోనే తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు అన్నీ వచ్చిపడతాయి. కాబట్టి ఫోనులో తెలుగు గొంతుతోపాటు మిగతా గొంతులూ దించిపెట్టుకోవాలి. తెలుగు ఎట్లా రాస్తే అట్లా పలుకుతాం, యంత్రానికి సులువు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, ఏది పలకాలో యంత్రమే తేల్చుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును మాత్రం ఏ గొంతూ సరిగ్గా చదవలేదు. ఫొటోగా పంపిన పెళ్ళిపత్రిక దానికి ఉట్టి బొమ్మే. చాలా ఫోన్లలో అక్షరాలను పట్టి చదివే వేరే యాప్ కావాలి. ఇంకో తమాషా వినండి. తమిళనాడు బళ్ళలో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లలు చాలామందికి ఇంట్లో తెలుగు మాట్లాడటం వస్తుంది గానీ బడిలో తెలుగు అక్షరాలు అబ్బలేదు. చుట్టాల నుంచి తెలుగులో కబురొస్తే, కళ్ళున్న మనవడికంటే కళ్ళు లేని అవ్వ సెల్లే గడగడా చదివేస్తుంది!

ఇక అంగట్లో ఏం చూడాలి? కెమెరా మెగాపిక్సెళ్ళు, తెర తళుకులు పక్కన పెట్టండి. వేలిముద్ర గుర్తుపట్టే చోటు అద్దం కింద కాకుండా పక్క బటను మీద ఉంటే తడిమితే దొరుకుతుంది. ఇయర్‌ఫోన్ వైరు పెట్టే చిల్లు ఉంటే మేలు. బ్లూటూత్‌లో వేలు తాకినదానికీ మాట వినబడేదానికీ నడుమ కాస్త జాప్యం ఉంటుంది. ఇయర్‌ఫోన్ లేకుండా ఓటీపీ వింటే బస్సులో పక్కసీటాయనకూ తెలిసిపోతుంది. ర్యామ్ తక్కువైతే మాట తడబడుతుంది. అలవాటు పడినవాళ్ళు మనకు అర్థం కానంత వేగంగా వింటారు, ఆ వేగానికి ఫోను ఆగకుండా చదవాలి.

డబ్బు సంగతి కూడా చెబుతాను. కొత్త వంద నోటు పొడుగు 142 మిల్లీమీటర్లు, రెండొందలది 146, ఐదొందలది 150, వెడల్పు మూడింటికీ ఒకటే. నాలుగు మిల్లీమీటర్ల తేడా, అదీ నలిగిన నోట్లలో, వేళ్ళకేం తెలుస్తుంది? అందుకే రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న ‘మణి’ యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంత నోటో చెబుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. దొంగనోటా కాదా అన్నది మాత్రం చెప్పదు.

ఇంతా చేసి బ్యాంకు ఖాతాకు ఫోన్లో కేవైసీ చెయ్యబోతే “కళ్ళు ఆర్పండి” అంటే వాళ్ళేం చెయ్యాలి? దీని మీద యాసిడ్ దాడి బాధితులూ, చూపులేని ఒకాయనా కోర్టుకు పోయినారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. అంటే పేరు చీటీ అతికించడం ఇప్పుడు ఎవరి దయా కాదు.

నేర్పేవాళ్ళు కావాలంటే దూరం పోనక్కర్లేదు. బెంగళూరులో మన వైపే, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో, పుట్టుకతోనే చూపులేని మధు సింఘాల్ 1990లో పెట్టిన మిత్రజ్యోతి ఉంది. ఇక కొనే రోజున ఫోను మీరు ఎంచి తెచ్చి ఇవ్వబాకండి. వాడబోయే మనిషినే అంగడికి తీసుకుపోండి. టాక్‌బ్యాక్ పెట్టించి, ఫోను వాళ్ళ చేతికిచ్చి, ఒక నంబరు నొక్కమనండి, ఒక తెలుగు మెసేజి చదివించుకోమనండి. గొంతు నచ్చలేదంటే ఇంకో ఫోను తీయించండి. డబ్బు మీదైనా చెవులూ వేళ్ళూ వాళ్ళవి, తీర్పూ వాళ్ళదే.