వానా, తాబేలూ, అమ్మ మోకాళ్ళూ

ప్రయాణాల విషయంలో మన ఇళ్ళల్లో చర్చ ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. పిల్లల బడికి సెలవులు ఎప్పుడు? నాకు ఆఫీసులో ఎన్ని రోజులు మిగిలాయి? టికెట్లు ఎప్పుడు చవక? ఈ మూడూ తేలాక, "సరే, ఇంతకీ ఎక్కడికి?" అనుకుంటాం. వెళ్ళే ఊరికి కూడా ఒక పంచాంగం ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. నాకూ తట్టలేదు. దాని ఫలితం ఒక డిసెంబరు నెలలో, కోస్టారికా తూర్పు తీరాన, నిండా తడిసి అనుభవించాను. రెండేళ్ళ తర్వాత అదే తీరానికి మళ్ళీ వెళ్ళాం. ఆ రెండు ప్రయాణాల మధ్య నేర్చుకున్నది మీకెవరికైనా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

అసలు సంగతి మా అమ్మతో మొదలైంది. అమ్మది కాకినాడ. మా దగ్గర ఆరు నెలలుండడానికి అట్లాంటా వచ్చింది. కరీబియన్ తీరానికి వెళ్దామని ఒక ప్రయాణాల కంపెనీ వారి రంగుల పుస్తకం తిరగేస్తుంటే, అందులో ఇసుక మీద పాకుతున్న పెద్ద తాబేలు బొమ్మ దగ్గర అమ్మ చెయ్యి ఆగిపోయింది. "చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినవే చూశానురా చిన్నప్పట్నించీ. బతికున్నదాన్ని ఒక్కదాన్నీ చూళ్ళేదు," అంది. నిజమే. మన కోస్తా తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోయినవి ఉదయానికి ఒడ్డున కనిపిస్తాయి. అమ్మకి డెబ్భైనాలుగేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆవిడ నోరు తెరిచి ఒకటి అడగడం అరుదు. వెంటనే క్రిస్మస్ సెలవులకి టికెట్లు కొనేశాను.

పుస్తకంలో డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకూ "ఎండాకాలం" అని ఉంది. మేం దిగిన రోజు మొదలైన వాన తిరిగి విమానం ఎక్కేదాకా ఆగలేదు. రాజధాని శాన్ హోసే నుంచి లిమోన్ రేవుకి వెళ్ళే 32వ నంబరు రోడ్డు బ్రౌలియో కరియో అడవి కొండల్లోంచి దిగుతుంది. కొండచరియ విరిగిపడి ఆ రోడ్డు మూసేశారు. ఒక రోజు అక్కడే పోయింది. అమ్మ రక్తపోటు మాత్రలున్న పెట్టె చుట్టుదారి పట్టిన వ్యానులో ఉండిపోయింది. ఇవన్నీ పడి తోర్తుగేరో చేరాక, మా గైడు ఎంతో మర్యాదగా చెప్పాడు: "అయ్యా, పచ్చ తాబేళ్ళు జులై నుంచి అక్టోబరు వరకూ వస్తాయి. ఇప్పుడు ఒడ్డున ఏమీ ఉండదు." అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలేరా, సముద్రం చూశాం కదా," అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. కోస్టారికాకి పడమట పసిఫిక్, తూర్పున కరీబియన్, మధ్యలో వెన్నెముకలా కొండలు. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు కరీబియన్ మీది తేమని మోసుకొచ్చి కొండలకి తూర్పు వైపే గుమ్మరిస్తాయి. కొండ చాటున ఉన్న పసిఫిక్ వైపుకి డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన అందదు. పుస్తకంలోని "ఎండాకాలం" ఆ వైపుది! నవంబరు, డిసెంబరుల్లో ఉత్తరాది చలిగాలులు కూడా తోడై తూర్పున వాన పెరుగుతుంది. జులైలోనూ గట్టిగానే పడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి ఆ పవనాలు నెమ్మదించి, తేమగాలి పసిఫిక్ వైపునుంచి తిరుగుతుంది. అప్పుడు పసిఫిక్ తీరం మునుగుతుంటే కరీబియన్ తీరం కాస్త తెరిపిస్తుంది.

ఇది మనకి కొత్త విషయమేమీ కాదు. నైరుతి వానల్లో తెలంగాణ తడుస్తుంటే నెల్లూరు మబ్బుల కోసం చూస్తూ ఉంటుంది. నెల్లూరుకి అసలు వాన అక్టోబరు తర్వాత ఈశాన్యం నుంచి వస్తుంది. "ఆంధ్రాలో వానాకాలం ఎప్పుడండీ?" అని ఎవరైనా అడిగితే "ఆంధ్రాలో ఎక్కడ?" అని ఎదురడిగే నేను, కోస్టారికా విషయంలో ఆ ప్రశ్న వెయ్యలేదు.

అయితే కరీబియన్ తీరం తెరిపిచ్చిందంటే పూర్తిగా ఎండ కాస్తుందని కాదు. తోర్తుగేరోలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. విశాఖపట్నంలో పడేది 1,000 మిల్లీమీటర్ల పైచిలుకు. అందుకని ఏ నెలలో వెళ్ళినా గొడుగు తప్పదు.

రెండోసారి అమ్మ జూన్‌లో వచ్చింది. సెప్టెంబరులో వెళ్దామన్నాను. మా ఆవిడ రెండు అభ్యంతరాలు చెప్పింది. మొదటిది అమ్మాయి బడి. ఎనిమిదో తరగతి. లేబర్ డే సెలవుకి నాలుగు రోజులు కలిపి మానిపించాలి. టీచరుగారికి ఉత్తరం రాసి ఒప్పించాం. రెండోది తుఫాన్లు. కరీబియన్‌లో తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అందులో సెప్టెంబరు మరీ ఉధృతం. ఆవిడ భయం సమంజసమే. కాకపోతే కోస్టారికా భూమధ్యరేఖకి దగ్గరగా, పది డిగ్రీల అక్షాంశం ప్రాంతంలో ఉంది. తుఫాన్లు ఎక్కువగా దానికి ఉత్తరంగా వెళ్ళిపోతాయి. అలాగని ధీమా పనికిరాదు. 2016 నవంబరు 24న ఓటో తుఫాను నికరాగువా దక్షిణ కొసన తీరం దాటి, కోస్టారికా ఉత్తర భాగం మీదుగా సాగి ప్రాణాలు తీసింది. అందుకని రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకున్నాం. వారం ముందునుంచీ మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం వారి సూచనలు రోజూ చూశాం.

కాగితాల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. భారత పాస్‌పోర్టులో, ఎన్నిసార్లైనా రావడానికి వీలున్న అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే కోస్టారికా వేరే వీసా అడగదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి వాళ్ళ కాన్సులేటులో ఒకసారి కనుక్కోండి. అసలు చిక్కు తిరిగొచ్చేటప్పుడు. పాస్‌పోర్టులో హెచ్-1 స్టాంపు గడువు దాటిపోయి, పొడిగింపు కాగితం మాత్రమే ఉన్నవారికి, కొద్దిరోజులు కెనడా, మెక్సికోలకి వెళ్ళొస్తే దొరికే వెసులుబాటు కోస్టారికాకి వర్తించదు. కొత్త స్టాంపు లేకుండా వెనక్కి రాలేరు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే, తిరిగి అమెరికాలో దిగినప్పుడు ఎన్నాళ్ళు ఉండనిచ్చేదీ అక్కడి అధికారి మళ్ళీ కొత్తగా నిర్ణయిస్తాడు. ఇండియాకి తిరుగు టికెట్టు చేతిలో ఉంచుకోండి. వారికి కొన్న బీమా అమెరికా బయట పనిచేస్తుందో లేదో అడగండి. మందులు మాత్రం పెద్ద పెట్టెలో వెయ్యకండి. అమ్మ మాత్రలు ఈసారి నా చొక్కా జేబులో ప్రయాణం చేశాయి.

దారి ఇలా పెట్టుకున్నాం. కొండదారి మధ్యాహ్నపు వానలో ప్రమాదం కాబట్టి తెల్లవారుతూనే శాన్ హోసేలో బయల్దేరాం. తోర్తుగేరోకి రోడ్డు లేదు. లా పవోనా దాకా కారులో, అక్కడినుంచి సుమారు గంట పడవలో వెళ్ళాలి. కాలువలు, రెండు పక్కలా అడవి చూసి అమ్మ "అచ్చం కోరంగి మడ అడవుల్లా లేదూ!" అంది. తర్వాత తీరం వెంట దక్షిణాన ఉన్న కవీతాలో రెండు రోజులు. ఆ పేరు విని అమ్మ, "కవితా? ఎవరు రాశారు?" అంది. అక్కడి జాతీయ వనంలో పగడపు దిబ్బలున్నాయి. సముద్రం నిలకడగా ఉండే సెప్టెంబరు, అక్టోబరుల్లో నీళ్ళు తేటగా ఉంటాయి. 1991 ఏప్రిల్ 22న వచ్చిన భూకంపానికి ఇక్కడి తీరం పైకి లేచి, పగడాలు కొన్ని గాలికి తేలి చచ్చిపోయాయి.

భోజనం గురించి శాకాహారులు బెంగపడక్కర్లేదు. 1870లలో రైలుమార్గం వెయ్యడానికి జమైకా నుంచి వచ్చిన కూలీల వారసులు ఈ తీరాన స్థిరపడ్డారు. పెద్దవాళ్ళు జమైకా యాస ఇంగ్లీషు మాట్లాడతారు. వాళ్ళు కొబ్బరిపాలలో అన్నం, చిక్కుడుగింజలు కలిపి వండుతారు. పైన ఒక ఘాటు మిరపకాయ వేస్తారు. పంది కొవ్వు వెయ్యలేదని ఒకమాట అడిగి తినండి. అరటికాయ కొట్టి వేయించిన పటకోనెస్ అమ్మకి తెగ నచ్చాయి. దోమలు పగలు కూడా కుడతాయి, డెంగీ ఉంది. తోర్తుగేరో సముద్రంలో మాత్రం దిగకండి. లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి.

ఇక తాబేళ్ళు. ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950లలో ఇక్కడ వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 1975లో ఇది జాతీయ వనమైంది. రాత్రిపూట ఒడ్డుకి గైడుతోనే వెళ్ళాలి. ముదురు రంగు బట్టలే వేసుకోవాలి. కెమెరా, సెల్‌ఫోను, టార్చి ఏవీ కూడదు. వెలుగు చూస్తే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. మీ వంతుకి ఎంత దూరం నడవాల్సి వస్తుందో ముందుగా చెప్పలేరు. అందుకే మేం రెండు రాత్రులకి పేర్లిచ్చాం. పెద్దవాళ్ళుంటే మీరూ అలాగే చెయ్యండి.

మొదటి రాత్రి మా వంతు దూరంగా పడింది. కొంతదూరం నడిచి, అమ్మ ఇసుకలో కూలబడింది. "మీరు వెళ్ళి చూసి రండి," అంది. మా ఆవిడ తోడుండి, నేనూ అమ్మాయీ వెళ్ళాం. చూశాం గానీ నాకు ఆనందం కలగలేదు.

రెండో రాత్రి గైడు మమ్మల్ని పక్కకి పిలిచి, "దగ్గర్లోనే ఒకటి వచ్చింది, నెమ్మదిగా రండి," అన్నాడు. అమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. ఎర్రటి గుడ్డి వెలుగులో, తవ్వుకున్న గోతిలోకి తాబేలు ఒక్కొక్క గుడ్డే జారవిడుస్తోంది. వందకి పైగా పెడుతుందట. మధ్యమధ్య పెద్దగా నిట్టూరుస్తోంది. అమ్మ మోకాళ్ళ మాట మర్చిపోయి దాని వెనక కూర్చుండిపోయింది. పెట్టడం అయ్యాక అది ఇసుక కప్పి, ఆయాసపడుతూ నీళ్ళవైపు వెళ్ళింది. అలలో కలిసేదాకా అమ్మ కదల్లేదు.

"ఎంత కష్టపడిందిరా పాపం," అంది తిరిగొస్తూ. మరి కాసేపటికి, "కాకినాడలో మా నాన్న చెప్పేవాడు, అవి రాత్రి ఏడుస్తాయని. ఏడవటం కాదు, ఊపిరి," అంది.

ఫొటో ఒక్కటీ లేదు. మీరు వెళ్తే ముందు తాబేలు పంచాంగం, తర్వాత వాన పంచాంగం, ఆ తర్వాత మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి కాళ్ళు చూసుకోండి. విమానం టికెట్టు ధర చిట్టచివర.