సున్నా దగ్గర జాగ్రత్త

మ్యాప్‌లో వాంకూవర్ మీద వేలు పెట్టి, అడ్డంగా తూర్పుకి జరుపుకుంటూ పోతే విన్నిపెగ్ తగులుతుంది. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 49 డిగ్రీలు దాటి. జనవరి నెల సగటు ఉష్ణోగ్రత మాత్రం వాంకూవర్‌లో ప్లస్ 4 దగ్గర, విన్నిపెగ్‌లో మైనస్ 16 దగ్గర ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ చలి పెరుగుతుందని బళ్లో చదువుకున్నది కెనడాలో సగమే పనికొస్తుంది. మిగతా సగం గాలి ఎటు నుంచి వస్తోంది, దారిలో దానికి నీళ్లు తగిలాయా, కొండలు తగిలాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు "మీ ఊళ్లో మైనస్ ఎంత?" అని మాత్రమే అడుగుతారు. ఆ ఒక్క అంకెతో తెలిసేది తక్కువ.

పడమటి తీరంతో మొదలుపెడదాం. పసిఫిక్ చలికాలంలోనూ గడ్డకట్టదు కాబట్టి దాని మీదుగా వచ్చే గాలి తడిగా, ఓ మోస్తరు వెచ్చగా ఉంటుంది. అక్టోబర్ నుంచి మార్చి దాకా వాంకూవర్‌లో ముసురే. ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం ఈ ఆరు నెలల్లోనే. ఎండాకాలం వానాకాలం అని మనకున్న లెక్క అక్కడ తిరగబడుతుంది: జులై, ఆగస్టు పొడి నెలలు. ఆ మేఘాలు కొండలెక్కుతూ నీళ్లన్నీ ఇవతలి వాలు మీదే కుమ్మరిస్తాయి. అవతల లోయలో ఉన్న కామ్‌లూప్స్‌కి మిగిలేది 300 మిల్లీమీటర్ల లోపే. వర్షచ్ఛాయ అనగానే మనకు గుర్తొచ్చే అనంతపురంలో పడే వానలో ఇది దాదాపు సగం.

ఆ పొడి లోయల్లోనే లిట్టన్ అనే చిన్న ఊరుంది. 2021 జూన్ 29న అక్కడ 49.6 డిగ్రీలు నమోదైంది. కెనడా చరిత్రలో అంత వేడి ఇంకెక్కడా నమోదు కాలేదు. రెంటచింతలతో పోటీకి నిలిచే అంకె. మర్నాడే మంటలు చెలరేగి ఊరు చాలా వరకు బూడిదైంది. ఆ వారంలో బ్రిటిష్ కొలంబియాలో వేడికి 619 మంది చనిపోయారని అక్కడి కరోనర్ల విచారణ తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది ఏసీ లేని ఇళ్లలో ఉన్న పెద్దవాళ్లు. చలిని లోపలికి రానివ్వకుండా కట్టిన ఇల్లు వేడిని బయటికి పోనివ్వదు మరి.

రాకీ పర్వతాలు దాటితే ఆల్బర్టా. తడి గాలి కొండెక్కుతూ వానో మంచో కురిపించేటప్పుడు ఆవిరిలో దాగిన వేడి గాలికి చేరుతుంది. అదే గాలి ఎండిపోయి తూర్పు వాలున కిందికి జారేటప్పుడు కిలోమీటరుకి సుమారు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ఇదే చినూక్. పడమటి ఆకాశంలో మేఘం కమానులా వంగి, దాని కింద నీలం చార కనబడితే చినూక్ వస్తోందని కాల్గరీ వాళ్లు పసిగడతారు. 1962 జనవరి 10న పించర్ క్రీక్‌లో గంటసేపట్లో మైనస్ 19 నుంచి ప్లస్ 22కి ఎగబాకిందని చెబుతారు. చినూక్ వస్తే తల పగిలిపోతుందనేవాళ్లు కాల్గరీలో ప్రతి వీధిలోనూ ఉంటారు. పగలు కరిగిన నీళ్లు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, రోడ్డు రంగులోనే కలిసిపోయే పల్చటి పొరగా మారతాయి. బ్లాక్ ఐస్ అనేది దీన్నే. నడుములు విరిగేది మైనస్ 30లో కాదు, ఇలా కరిగి గడ్డకట్టే రోజుల్లోనే.

ఇక రెజీనా, సస్కటూన్, విన్నిపెగ్. చలి ఇక్కడ నిఖార్సైనది. ఏ సముద్రమూ దగ్గర లేదు, ఆర్కిటిక్ గాలికి అడ్డుపడే కొండా లేదు. మైనస్ 30 రోజున ఆకాశం మాత్రం నిర్మలంగా, ఎండ కళ్లు చెదిరేలా ఉంటుంది. కాలికింద మంచు ఇసుకలా పొడిగా, కిర్రుకిర్రుమంటూ ఉంటుంది; జారదు. పార్కింగ్ స్థలంలో ప్రతి కారు ముందూ కరెంటు ప్లగ్గు కనిపిస్తుంది. రాత్రంతా బ్లాక్ హీటర్ వైరు తగిలించి ఉంచితే ఇంజన్ ఆయిల్ పేస్టులా చిక్కబడకుండా ఉంటుంది, పొద్దున బండి స్టార్టవుతుంది. గాలి వల్ల చలి ఎంత ఎక్కువగా తగులుతుందో చెప్పే విండ్ చిల్ లెక్క మనిషి చర్మానికే గానీ కారుకు వర్తించదు. ఎంత గాలి వీచినా రేడియేటర్ గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి దిగదు, అంత దాకా త్వరగా చల్లబడుతుందంతే. 2001లో కెనడా కొత్త సూత్రంతో విండ్ చిల్ చెప్పడం మొదలుపెట్టింది. అది మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మానికి పది నుంచి ముప్ఫై నిమిషాల్లో మంచుకాటు తగలొచ్చు. మైనస్ 40 దాటితే ఐదు నుంచి పది నిమిషాలు చాలు. బస్‌స్టాపు దాకా పిల్లలను పంపే తల్లిదండ్రులు చూడాల్సిన అంకె ఇదే.

విన్నిపెగ్‌కి అసలు కష్టం చలి తగ్గేటప్పుడు మొదలవుతుంది. రెడ్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఎగువన అమెరికా వైపు మంచు ముందే కరిగి నీళ్లు బయలుదేరతాయి, దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీళ్లకు దారి లేక, చాపలా పరుచుకున్న నేల మీద మైళ్ల కొద్దీ వ్యాపిస్తాయి. 1950లో సుమారు లక్ష మందిని ఊరు ఖాళీ చేయించారు. ఆ తరువాత ఆ రాష్ట్ర ప్రీమియర్ డఫ్ రోబ్లిన్ పట్టుబట్టి నగరం చుట్టూ 47 కిలోమీటర్ల వరద కాలువ తవ్వించారు. అంత డబ్బు తగలేస్తున్నాడని అప్పట్లో వెక్కిరిస్తూ 'డఫ్ గారి గుంట' అన్నారు. 1968లో పూర్తయిన ఆ గుంటే 1997 మహా వరదలో నగరాన్ని కాపాడింది. పేరు అలాగే ఉండిపోయింది, వెక్కిరింత పోయింది.

మనవాళ్లు ఎక్కువగా ఉండే టొరంటోది వేరే కథ. వాయవ్యం నుంచి వచ్చే చలిగాలి ఇంకా గడ్డకట్టని హ్యూరాన్ సరస్సు, జార్జియన్ బే మీదుగా వస్తూ తేమ పీల్చుకుని ఒడ్డు దాటగానే మంచుగా దింపేస్తుంది. ఆ దెబ్బ బ్యారీ, ఒరిలియాలకు తగులుతుంది. గంట దూరంలో ఉన్న టొరంటో చాలాసార్లు తప్పించుకుంటుంది. ఇల్లు చవగ్గా వస్తోందని ఉత్తరానికి మారేవాళ్లు ధరతో పాటు ఈ మంచు పట్టీ ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో తేమ ఇక్కడి దాకా ఎగదన్నుతుంది. తేమతో కలిపి ఒంటికి తెలిసే వేడిని చెప్పే హ్యూమిడెక్స్ 32 డిగ్రీలకే 40 అంటుంది. విజయవాడ ఉక్కపోత తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

ఇప్పుడు సున్నా సంగతి. పైన ఎక్కడో వెచ్చటి పొరలో మంచు కరిగి వానచుక్క అవుతుంది. నేల దగ్గర పల్చటి చలి పొర ఉంటుంది. చుక్క అందులో చల్లబడుతుంది గానీ గడ్డకట్టేంత సమయం దొరకదు. కొమ్మకో తీగకో తాకిన క్షణంలో గాజులా అంటుకుపోతుంది. ఇదే ఫ్రీజింగ్ రెయిన్. సెయింట్ లారెన్స్ లోయ ఈశాన్యపు చలిగాలిని కాలువలా లోపలికి నడిపిస్తుంది, దాని పైకి దక్షిణపు వెచ్చటి గాలి ఎక్కుతుంది. అందుకే మాంట్రియల్, ఒట్టావాలకు ఈ బెడద ఎక్కువ. 1998 జనవరి 5 నుంచి 10 దాకా ఇది ఆగి ఆగి కురిసింది. మాంట్రియల్ దక్షిణాన కొన్నిచోట్ల దాదాపు 100 మిల్లీమీటర్లు. ఐస్ బరువుకు వందల కొద్దీ ఉక్కు టవర్లు మెలితిరిగి కూలాయి, వేల కొద్దీ కరెంటు స్తంభాలు విరిగాయి, మేపుల్ తోటల్లో చెట్లు చీలిపోయాయి. లక్షల మంది చీకట్లో ఉన్నారు, కొందరు నెల రోజుల దాకా. సాయానికి సైన్యం దిగింది. ముప్ఫై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో కొందరు కార్బన్ మోనాక్సైడ్ వల్ల. కరెంటు పోయిందని బార్బెక్యూనో జనరేటర్‌నో ఇంట్లో పెట్టుకోవద్దని ఇప్పటికీ పదే పదే చెప్పేది అందుకే. ఆ ఆరు రోజులూ ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగింది తప్ప భయపడేంత చలేమీ లేదు.

తూర్పు తీరంలో చల్లటి లాబ్రడార్ ప్రవాహం, వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ కలిసే చోట పొగమంచు పుడుతుంది. సెయింట్ జాన్స్‌లో 2020 జనవరి 17న ఒక్కరోజే 76 సెంటీమీటర్ల మంచు పడి ఇళ్ల తలుపులు మూసుకుపోయాయి. ఇక ఉత్తర కొసన ఉన్న యురేకా లాంటి చోట్ల ఏడాదంతా కలిపి 100 మిల్లీమీటర్లు కూడా కురవదు. అంత చల్లటి గాలిలో తేమ నిలవదు. తెల్లగా కనిపించినా అది ఎడారే.

కెనడా ప్రపంచ సగటుకు రెట్టింపు వేగంతో వేడెక్కుతోందని 2019లో ప్రభుత్వ నివేదిక చెప్పింది. చలి తగ్గితే మంచిదేగా అని మనలో చాలామంది అనుకుంటాం. మైనస్ 12లో ఉండాల్సిన జనవరి మైనస్ 2కి వస్తే మంచు కురవాల్సిన చోట ఫ్రీజింగ్ రెయిన్ పడే అవకాశముంటుంది. ఒట్టావాలో 7.8 కిలోమీటర్ల రిడో కాలువ మీద స్కేటింగ్‌కి 30 సెంటీమీటర్ల మందాన ఐస్ కావాలి. 2022–23 చలికాలంలో అది కట్టలేదు. యాభై ఏళ్ల పైబడిన చరిత్రలో మొదటిసారి తెరవలేదు.

సున్నా లెక్క పెరటికీ ఉంది. పెరట్లో గోంగూర వేసేవాళ్లు టొరంటోలో మే నెలలో వచ్చే విక్టోరియా డే దాకా ఆగుతారు, అంతకు ముందైతే ఒక్క రాత్రి చలికి నారు పోతుంది. కాల్గరీలో మొక్కల మీద తొలి ఫ్రాస్ట్ సెప్టెంబర్‌లోనే పడుతుంది. బతుకమ్మకు పెరటి బంతిపూలు కావాలంటే రాత్రిళ్లు దుప్పటి కప్పాల్సిందే.

కారు టైర్ల లెక్క మాత్రం మంచుతో మొదలు కాదు. 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో ఆ చట్టం లేదు గానీ, వేసుకున్నవాళ్లకు బీమాలో తగ్గింపు ఇవ్వాలని 2016 నుంచి నిబంధన ఉంది. అడిగి తీసుకోండి.