ఫార్మాట్ కొట్టాక మిగిలేది

కంప్యూటర్ మొరాయిస్తే రిపేరు షాపులో చేసే మొదటి వైద్యం ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ ఎక్కించడం. యంత్రం మళ్లీ చురుగ్గా నడుస్తుంది. కానీ డెస్క్‌టాప్ మీద ఉండాల్సిన పెళ్లి ఫొటోలు, సగం రాసిన థీసిస్, వ్యాపారం లెక్కలు కనిపించవు. డి డ్రైవ్ జోలికి వెళ్లలేదని మెకానిక్ చెప్పేది నిజమే. అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లో, విండోస్ ఉన్న చోటే. ఫార్మాట్ అయింది సరిగ్గా అదే.

ఈ నష్టాన్ని పూడ్చడానికి నలభై ఏళ్ల కిందట ఒక ప్రోగ్రామ్ పుట్టింది. అది ఎదిగిన తీరు చూస్తే పోయిన ఫైల్ ఎప్పుడు దొరుకుతుందో, ఎప్పుడు ఆశ వదులుకోవాలో తెలుస్తుంది.

తొలి అక్షరం అడిగిన ప్రోగ్రామ్

డిస్క్ మీద ప్రతి ఫైలుకూ రెండు భాగాలు. ఒకటి అసలు సమాచారం, రెండోది ఆ సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టిక. ఊరి అడంగల్ కాలిపోయినంత మాత్రాన పొలాలు మాయం కావు. ఏ చెక్క ఎవరిదో చెప్పే ఆధారం మాత్రమే పోతుంది. ఖాళీ భూమి అనుకుని ఇంకొకరు వచ్చి దున్నేదాకా పాత పంట అక్కడే ఉంటుంది.

మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ 1977లో ఇలాంటి పట్టికనే రూపొందించారు. దాని పేరు ఫైల్ అలొకేషన్ టేబుల్, పొట్టిగా 'ఫ్యాట్'. తర్వాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్నే వాడుకుంది. డాస్‌లో ఒక ఫైలును తీసేస్తే జరిగేది చాలా తక్కువ. పేరులోని తొలి అక్షరం స్థానంలో 229 అనే సంఖ్య పడుతుంది. ఫైలు ముక్కలను కలిపే గొలుసు సున్నాలవుతుంది. పేరులో మిగతా అక్షరాలు, ఫైలు పరిమాణం, అది మొదలయ్యే చోటు అలాగే ఉంటాయి. అసలు సమాచారాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇదంతా వేగం కోసం. ఫ్లాపీల కాలంలో సమాచారం మొత్తం తుడవాలంటే దాన్ని రాయడానికి పట్టినంత సేపూ పట్టేది.

ఈ కిటుకును అమెరికన్ ప్రోగ్రామర్ పీటర్ నార్టన్ వాడుకున్నారు. 1982లో ఆయన తెచ్చిన నార్టన్ యుటిలిటీస్‌లో 'అన్‌ఎరేజ్' అనే ప్రోగ్రామ్ ఉండేది. 229 గుర్తు పడిన పేర్లను వెతికి, చెరిగిపోయిన తొలి అక్షరం ఏమిటో ఫైలు పోగొట్టుకున్న మనిషినే అడిగేది. జవాబు చెప్పగానే గొలుసును తిరిగి కట్టేది. 1991లో వచ్చిన ఎంఎస్ డాస్ 5లో 'అన్‌డిలీట్', 'అన్‌ఫార్మాట్' అనే ఆదేశాలు చేరి, ఈ విద్య ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగమైంది.

పట్టికే పోయినప్పుడు

విండోస్‌ను మళ్లీ ఎక్కించడం ఇంతకంటే పెద్ద దెబ్బ. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన 'ఎన్‌టీఎఫ్‌ఎస్' పద్ధతిలో ప్రతి ఫైలుకూ మాస్టర్ ఫైల్ టేబుల్‌లో సాధారణంగా 1,024 బైట్ల రికార్డు ఒకటి ఉంటుంది. క్విక్ ఫార్మాట్ పాత పట్టిక స్థానంలో కొత్త పట్టిక మొదలుపెడుతుంది. ఆ తర్వాత కొత్త విండోస్ తన సొంత ఫైళ్లను వేల సంఖ్యలో రాస్తుంది. విండోస్ దాదాపు 20 జీబీ ఆక్రమించిందనుకుంటే, 500 జీబీ హార్డ్ డిస్క్‌లో అది 4 శాతం. మిగతా 96 శాతంలో పాత సమాచారం ఇంకా పడి ఉండవచ్చు. క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేస్తే మాత్రం విస్టా వెర్షన్ నుంచి విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. అప్పుడు వెతకడానికి ఏమీ మిగలదు.

పట్టికే నమ్మదగ్గది కానప్పుడు ఫైలును ఎలా గుర్తుపట్టాలి? దాని రూపాన్ని బట్టి. ప్రతి జేపెగ్ ఫొటో 255, 216, 255 అనే మూడు బైట్లతో మొదలై 255, 217తో ముగుస్తుంది. పీడీఎఫ్ మొదట్లో శాతం గుర్తు, దాని వెంట పీ, డీ, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. జిప్ ఫైలు పీ, కే అక్షరాలతో మొదలవుతుంది. ఆ రెండూ జిప్‌ను రూపొందించిన ఫిల్ కట్జ్ పేరు, ఇంటిపేరుల పొడి అక్షరాలు. నేటి వర్డ్ ఫైలు లోపల ఉండేది జిప్పే కాబట్టి దానికీ అదే గుర్తు. పట్టికను పక్కనపెట్టి డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదువుతూ ఈ గుర్తుల దగ్గర ఫైళ్లను వేరుచేసే పద్ధతిని ఫైల్ కార్వింగ్ అంటారు.

నేర పరిశోధన అవసరాలు దీన్ని పెంచాయి. అమెరికా వైమానిక దళ పరిశోధనాధికారులు క్రిస్ కెండల్, జెస్సీ కార్న్‌బ్లమ్ 2001లో 'ఫోర్‌మోస్ట్' రాశారు. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన 'ఫొటోరెక్' ఈ శక్తిని ఉచితంగా సామాన్యుల చేతికిచ్చింది. అది 480కి పైగా రకాల ఫైళ్లను గుర్తుపడుతుంది. అయితే పేర్లు పట్టికతోపాటే పోతాయి కనుక, దొరికిన ఫొటోలన్నీ అంకెల పేర్లతో వస్తాయి. ఏది ఏ పండగదో చూసి వేరుచేసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

ఫార్మాట్ చేసిన డిస్క్‌లో ఇంత మిగులుతుందని పాత కంప్యూటర్లు అమ్మేవారూ గుర్తుంచుకోవాలి. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 158 పాత హార్డ్ డిస్కులు కొని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. చదవగలిగిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో వేల కొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి.

ముక్కలైన ఫైళ్లు

కార్వింగ్‌కు పెద్ద అడ్డంకి చెదిరిన ఫైలు. జాగా ఒకేచోట దొరకనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలును ముక్కలుచేసి వేర్వేరు చోట్ల దాస్తుంది. 2007లో గార్ఫింకెల్ ఇచ్చిన లెక్క ప్రకారం జేపెగ్‌లలో 16 శాతం, వర్డ్ పత్రాల్లో 17 శాతం, అవుట్‌లుక్ మెయిల్ పెట్టెల్లో 58 శాతం ముక్కలై ఉన్నాయి. చిన్న ఫొటోలు తేలిగ్గా తిరిగొచ్చి, ఏళ్ల తరబడి పెరిగిన మెయిల్ ఫైలు రాకపోవడానికి కారణం ఇదే.

సమాచారం ఒకేచోట ఉంటే ఎంత మేలో కొలంబియా వ్యోమనౌక చెబుతుంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న ఆ ప్రమాదంలో, జెనాన్ స్నిగ్ధతపై చేసిన ప్రయోగం ఫలితాలున్న హార్డ్ డిస్క్ శకలాల్లో కాలి, వంకరపోయి దొరికింది. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీరు జాన్ ఎడ్వర్డ్స్ అందులోని 99 శాతం సమాచారాన్ని బయటికి తీశారు. డిస్క్ సగమే నిండి ఉండటం, దాన్ని నడిపిన డాస్ ఫైళ్లను అటూ ఇటూ చెదరగొట్టకపోవడం కలిసొచ్చాయి. ఆ ఫలితాలు 2008లో భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

తెలుగు రాతల సంగతి

తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. యూనికోడ్ రాకముందు డీటీపీ సెంటర్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, పత్రికలు ఫాంట్‌నే నమ్ముకున్న రాతలు. విండోస్ మార్చగానే 'అను' లాంటి ఆ ఫాంట్లు కూడా పోతాయి. ఫైలు పూర్తిగా దొరికినా తెరిస్తే కనిపించేది అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులే. ఫైలు పాడైందనుకుని తీసేయకండి. ఫాంట్‌ను తిరిగి ఎక్కిస్తే రాత బతుకుతుంది.

యూనికోడ్ తెలుగు పరిస్థితి ఇందుకు పూర్తిగా వేరు. యూటీఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు, అందులో మొదటిది 224, రెండోది 176 లేదా 177. 'అ' అంటే 224, 176, 133. పట్టికలేని డిస్క్‌లోనూ ఈ వరస చూసి ఇక్కడ తెలుగు ఉందని ప్రోగ్రామ్ పసిగట్టగలదు. అందుకే మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచిన కథ ముక్కలైనా, దొరికిన ముక్కవరకు చదువుకోవచ్చు. కుదించి దాచే వర్డ్ ఫైలులో మధ్య భాగం పోతే మిగతాది విప్పడం చాలా కష్టం.

మూసుకుంటున్న దారి

హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ రావడంతో ఈ కథ మలుపు తిరిగింది. ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీద నేరుగా రాయడం కుదరదు, ముందు బ్లాకు మొత్తం చెరపాలి. అందుకే ఏ భాగాలు అక్కర్లేదో ముందే చెప్పే 'ట్రిమ్' ఆదేశం వచ్చింది. 2009లో విండోస్ 7 దాన్ని వాడటం మొదలుపెట్టింది. ఫార్మాట్ చేయగానే ట్రిమ్ వెళ్తుంది. ఆ తర్వాత చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే తాళంచెవి లేకుండా దొరికేవన్నీ అర్థంలేని బైట్లే. నేటి ఫోన్లను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ తాళంచెవే నాశనమవుతుంది.

కాబట్టి నష్టం జరిగాక మొదట చూడాల్సింది సి డ్రైవ్‌లో 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్ ఉందా అని. ఫార్మాట్ చేయకుండా విండోస్ ఎక్కించి ఉంటే పాత యూజర్ ఫైళ్లు అందులో ఉంటాయి. విండోస్ 10, 11 దాన్ని 10 రోజుల తర్వాత వాటంతటవే తీసేస్తాయి, ఆలస్యం చేయొద్దు. అది లేకపోతే కంప్యూటర్ వెంటనే ఆపేయాలి. రికవరీ ప్రోగ్రామ్‌ను అదే డిస్క్‌లోకి దించుకుంటే వెతుకుతున్న ఫైలు మీదే అది కూర్చోవచ్చు. డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి, ముందు మొత్తం నకలు తీసి, ఆ నకలు మీదే వెతకాలి. దొరికినవాటిని మరో డిస్క్‌లోనే దాచాలి.

పోయిన ఫైళ్లు ఇన్నేళ్లూ దొరకడానికి కారణం, తుడిచే శ్రమను యంత్రం వాయిదా వేయడం. కొత్త యంత్రాలు ఆ పని వెంటనే చేస్తున్నాయి. మన గోప్యతకు అది మంచిదే, మన జ్ఞాపకాలకు మాత్రం ప్రమాదం. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి ఇంటి బయట అనే సూత్రాన్ని అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారం చేశారు. రిపేరుకు ఇచ్చేముందు డెస్క్‌టాప్‌తో సహా అన్నీ బయటి డిస్క్‌లోకి తీయించండి. తీశామంటే సరిపోదు. మీ ఫొటో ఒకటి, మీ పత్రం ఒకటి ఆ డిస్క్ నుంచి తెరిపించి, కళ్లారా చూశాకే ఫార్మాట్‌కు ఒప్పుకోండి.