కడిగే గుణమే కలుషితానికీ కారణం

రాజేంద్రనగర్ దాటి హిమాయత్‌సాగర్ కట్టపై నిలబడితే కంటికి కనిపించేది నిశ్చలమైన నీరు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ విపత్తు పునరావృతం కాకూడదని మూసీపై ఉస్మాన్‌సాగర్‌ను, ఈసీపై హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. 1927లో పూర్తయిన ఈ జలాశయం నగరానికి తాగునీటినీ అందించింది. ఆ నీటిలోని ఒక్క అణువు గురించి పాఠకులతో ముచ్చటించాలని మేము భావిస్తున్నాము.

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అవి ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి గానీ ఆ పంపకం సమానం కాదు. ఆక్సిజన్ వాటిని తనవైపు ఎక్కువగా లాక్కుంటుంది. ఫలితంగా ఆక్సిజన్ వైపు స్వల్ప రుణావేశం, హైడ్రోజన్ల వైపు స్వల్ప ధనావేశం ఏర్పడతాయి. ఇటువంటి దానినే ధ్రువ అణువు అంటారు.

ఆకారమూ ముఖ్యమే. కార్బన్ డయాక్సైడ్ అణువు తిన్నని గీతలా ఉంటుంది కనుక రెండు వైపుల లాగుడు పరస్పరం రద్దవుతుంది. నీటి అణువు సుమారు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది కనుక రద్దు కాదు. అణువుల ధ్రువత్వాన్ని శోధించిన పీటర్ డిబైకి 1936లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఉప్పు నీటిలో కరగడానికి కారణం ఇదే. ఉప్పులోని ధన, రుణ కణాలను నీటి అణువులు చుట్టుముట్టి విడదీస్తాయి. నూనెలో అటువంటి ధ్రువాలు లేవు. అందుకే నీరు దానిని కరిగించలేదు. చేతికి గ్రీజు అంటితే వుజూ నీరు చర్మాన్ని తాకకుండా జారిపోతుంది. సబ్బు అణువు ఒక కొసతో జిడ్డును, మరో కొసతో నీటిని పట్టుకొని ఆ అడ్డును తొలగిస్తుంది.

అయితే మలినాన్ని కడిగే ఈ గుణమే నీటికి ముప్పు కూడా. పొలాల ఎరువుల్లోని నైట్రేట్లను, మురుగులోని లవణాలను అది అంతే సులువుగా తనలో కలుపుకుంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్లు పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలకు అవి మరీ ప్రమాదకరం. అమ్మలు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

ఈ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు జీవో వెలువడింది. 2022లో ఆ ఆంక్షలను ప్రభుత్వం సడలించింది. చట్టం మారవచ్చు, నీటి స్వభావం మారదు. మనం ఏది వదిలితే దానినే అది కలుపుకొని తిరిగి మన గడపకు తెస్తుంది. ఈ అమానతును కాపాడుకోవడం మనందరి బాధ్యత.